చేపలు పరిచినట్టు

బాణం మళ్ళీ తప్పిపోయింది.

గంగాదేవి మౌసును బల్ల మీద అటూ ఇటూ రుద్దింది. తెర మీద ఏదో మూల ఆ చిన్న తెల్ల బాణం గుర్తు కూడా అటూ ఇటూ పరిగెడుతూనే ఉండి ఉంటుంది. ఆమె చూపు పడే చోటికి మాత్రం రావడం లేదు. చెవులకు హెడ్‌ఫోన్ ఉంది. అందులో అమెరికా డాక్టరొకాయన ఏదో నములుతూ, ఎవరిదో మోకాలి ఆపరేషన్ సంగతి చెప్పుకుపోతున్నాడు. ఆమె కుడికాలి కింద పెడల్ ఉంది. మునివేళ్ళతో నొక్కితే డాక్టరు మాట్లాడతాడు. మడమతో నొక్కితే వెనక్కి వెళ్ళి, అన్న మాటే మళ్ళీ అంటాడు. ఆయన్ని అక్కడికి ఆపి, మెడ ముందుకు చాచి, తెర పై అంచు దగ్గర మొదలుపెట్టి కింది దాకా పేలు చూసినట్టు వెతికింది.

“ఏం పోయిందక్కా?” అంది పక్క సీట్లోంచి సింధూరి.

“ఏం లేదు. నిద్రొస్తోంది.”

ఈ మధ్య అబద్ధాలు ఆమెకు తడుముకోకుండా వస్తున్నాయి. తడుముకోకుండా వస్తున్నవి అవొక్కటే.

అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలు విని, టైపు చేసి, వాళ్ళకు తెల్లారేసరికి అందించడం ఆ ఆఫీసు పని. బందరు రోడ్డుకు ఆనుకున్న సందులో, ఒక మందుల దుకాణం మీద రెండు అంతస్తుల నిండా హెడ్‌ఫోన్ తగిలించుకున్న తలకాయలే. గంగాదేవి అక్కడ పాతకాపు. విన్నది విన్నట్టు ఆమె వేళ్ళలోకి దిగిపోయేది. పాత కంప్యూటర్లో ఏది ఎక్కడుంటుందో చేతికి కంఠతా వచ్చు. చేతికి కంఠం ఏమిటని అడగవద్దు, ఆమెకు అలాగే ఉండేది. పోయిన నెలలో యజమానికి లైసెన్సుల ఖర్చు మీద కోపం వచ్చి, అన్నిట్లోకీ ఊరికే దొరికే లినక్స్ సిస్టం ఎక్కించమన్నాడు. ఆ రోజు నుంచి ఆమెకు సొంత ఇంట్లో సామానంతా ఎవరో జరిపేసినట్టయింది. ఒక కిటికీ తెరిస్తే తెర మీద పై మూలన తెరుచుకుంటుంది. ఇంకొకటి తెరిస్తే అది మొదటిదాని మీద ఎక్కి కూర్చుంటుంది. మధ్యలో ఏదో చిన్న పెట్టె లేచి ప్రశ్న అడుగుతుంది, జవాబు చెప్పేదాకా అన్నిటినీ ఆపేస్తుంది. ఆ పెట్టె లేచిన సంగతే ఆమెకు తెలియదు.

చూపు లేదని కాదు. ఉంది, నడిమధ్య అరచేతి వెడల్పున. చుట్టుపక్కలది ఏటికేడు ఎలకలు కొరికినట్టు పోతోంది. దీపాలు పెట్టే వేళయితే ఆ అరచేయి కూడా మసకేస్తుంది. దీనికి మందు లేదని కళ్ళ డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

“గంగా, ఒకసారి లోపలికి రా.”

తిరుమల మేడం గొంతు. ఆ అంతస్తులో అందరి పనీ చూసేదీ, తప్పులు పట్టేదీ ఆవిడే. గంగాదేవి గదిలోకి వెళ్ళగానే మేడం ఒక కాగితం ముందుకు తోసింది. గంగాదేవి దాన్ని చదువుతున్నట్టు తల వంచింది.

“గుండె డాక్టరు చెప్పింది ఎముకల డాక్టరు పేరు మీద వెళ్ళింది. మళ్ళీ. పేర్ల పట్టీలో సరైన పేరు నొక్కడానికి ఏమొచ్చింది నీకు?”

“కొత్త సిస్టం కదండీ మేడం. ఇంకా చెయ్యి తిరగలేదండి.”

“సింధూరి నిన్నగాక మొన్న వచ్చింది. తన చెయ్యి తిరిగింది. నీ టైపింగుకి నేను వంక పెట్టను గంగా, నీ అంత బాగా వినేవాళ్ళు ఇక్కడ లేరు. కానీ క్లయింటుకి అదంతా ఎందుకు? వచ్చే సోమవారం వాళ్ళతో ఫోనుంది. అప్పటిదాకా నీ ఫైళ్ళు నేనే చూస్తాను. ఇంకొకటి ఇట్లా వెళ్ళిందంటే నా చేతుల్లో ఏం ఉండదు. తర్వాత నన్ననుకోవద్దు.”

“వెళ్ళదండి మేడం.”

తిరుమల మేడం చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే కనీసం మనసులో తిట్టుకోవడానికి వీలుండేది. గంగాదేవి బయటికి వస్తుంటే గుమ్మం పక్కన పెట్టిన నీళ్ళ క్యాను మోకాలికి ఠంగున తగిలింది. “ఎవరమ్మా ఇక్కడ పెట్టిందీ” అని గట్టిగా నవ్వేసి, నొప్పిని నవ్వు కింద దాచుకుని వెళ్ళి సీట్లో కూర్చుంది. ఈ ఉద్యోగం పోతే ఇంకో ఆఫీసు వాళ్ళు ముందు పరీక్ష పెడతారు. తెలియని తెర ముందు కూర్చోబెట్టి బాణాన్ని పట్టుకోమంటారు. పట్టుకోవడం తన వల్ల కాదు. అంతే సంగతి.

మౌసు పాడైందని ఇంకో అబద్ధం చెప్పడానికి ఆమె మాణిక్యాలరావు గదికి వెళ్ళింది. ఆఫీసులో కంప్యూటర్ల మంచిచెడ్డలన్నీ ఆయనవే. ఏసీ గదిలో భుజాల మీద శాలువా కప్పుకుని కూర్చుంటాడు. తలుపు తీస్తే చల్లదనం పోతుందని విసుక్కుంటాడు, మూస్తే గాలాడటం లేదంటాడు. ఎవరు ఏ సాయం అడిగినా ముందు ‘ఎందుకు’ అని అడగడం ఆయన అలవాటు.

ఆయన బల్ల మీద మౌసే లేదు.

తెర నల్లగా ఉంది. దాని మీద నాలుగు గళ్ళు, గచ్చు మీద పలకలు పరిచినట్టు అంచుకు అంచు ఆనుకుని ఉన్నాయి. ఆయన ఏవో రెండు మీటలు నొక్కాడు. ఇంకొక గడి వచ్చింది. ఉన్నవి నాలుగూ బస్సు సీట్లో జరిగి చోటిచ్చినట్టు సర్దుకున్నాయి. ఏదీ దేని మీదా ఎక్కలేదు. గంగాదేవి తనకు తెలియకుండానే ముఖాన్ని తెర దాకా తీసుకెళ్ళింది.

“ఏంటమ్మా మీద పడిపోతున్నావ్?”

“ఇది మన లినక్సేనా అండీ?”

“అదే. పైన తొడుగు వేరు. మీ వాటికి సోకులెక్కువ. దీనికి బొమ్మలుండవు, మౌసక్కర్లేదు. కిటికీలని అదే పరుస్తుంది.”

“నాది కూడా ఇట్లా చెయ్యండి సార్.”

మాణిక్యాలరావు నవ్వాడు. “ఇది అందరికీ పడదమ్మా. పేరే మూడక్షరాలు, నోరు తిరగదు. ఏం మార్చుకోవాలన్నా దాని లోపలి ఫైల్లో రాసి మొత్తం మళ్ళీ కట్టుకోవాలి. సోకు కోసమైతే వద్దు.”

“సోకు కాదండి.”

“మరెందుకు?”

చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. “స్పీడు కోసమండి” అంది ఆమె.

పోరు పడలేక ఆయన టీ వేళకు వచ్చి ఆమె కంప్యూటరులో అది పెట్టి వెళ్ళాడు. గంగాదేవి ఆశగా కూర్చుంది. అక్షరాలు చీమ తలకాయలంత ఉన్నాయి. పేర్ల పట్టీ ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన వస్తోంది, ముందు ఏది తెరిస్తే దానికి పెద్దపీట. అది చాలదన్నట్టు, పక్క కిటికీలోకి వెళ్ళడానికి పెట్టిన ఆల్టు మీటే, టైపు చేసేచోట ఫైలు మూసే మీట కూడా అయింది. పక్కకి వెళ్దామని నొక్కితే కాగితం మాయమైంది. మోకాలి ఆపరేషన్ సగం దాకా చేసింది, మొత్తం పోయింది.

మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళింది.

“నే చెప్పాను కదమ్మా. తీసెయ్యనా?”

“వద్దండి. అక్షరాలు పెద్దవి చెయ్యండి. పసుపు రంగులో కావాలి. ఆ ఆల్టు మీట ఇంకోదాని మీదికి మార్చండి. పేర్ల పట్టీ ఎప్పుడూ ఒక్కచోటే ఉండాలండి, కుడి పక్కన, పైన.”

“చూడమ్మా, తెర మీద చోటు కలిసొస్తుందని జనం దీన్ని పెట్టుకుంటారు. నువ్వేమో ఉన్న చోటంతా అక్షరాలకే ఇమ్మంటున్నావు. పెద్దవెందుకు?”

“పెట్టండి సార్, ప్లీజ్.”

“ఎందుకో చెప్పకుండా పెట్టండి పెట్టండి అంటే ఎట్లా? నాకు వేరే పనుల్లేవా?” ఆయన శాలువా సర్దుకుని అటు తిరిగాడు. “వెళ్ళేటప్పుడు తలుపు వేసెళ్ళు.”

తలుపు వేసి, మెట్ల గోడకు ఆనుకుని, ఆమె ఏడ్చింది. చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అడుక్కోవడం ఆమెకు కష్టం కాదు. ఎందుకు అడుక్కుంటున్నదో చెప్పకుండా అడుక్కోవడమే నరకంగా ఉంది.

సాయంత్రం బస్సు కుమ్మరిపాలెం సెంటరుకు వచ్చేసరికి పొద్దు గుంకింది. తల్లి పేరమ్మ స్టాపులో నిలబడే ఉంది. కూతురు బస్సు దిగిన శబ్దం ఆమెకూ, తల్లి ఒంటి నీచువాసన కూతురికీ గుర్తు. రోడ్డు పక్క చేపలమ్మి, మిగిలినవాటి మీద తడిగోనె కప్పి, ఆ తట్ట చంకన పెట్టుకుని రోజూ ఇక్కడే కాపు కాస్తుంది. గంగాదేవి తట్ట రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ భవానీపురం సందుల్లోకి నడిచారు. చూసేవాళ్ళకు తల్లి బరువు కూతురు పంచుకుంటున్నట్టు ఉంటుంది. పద్మావతమ్మ అనే పక్కింటావిడ “ఆఫీసు చేసొచ్చి కూడా అమ్మకి సాయం చేస్తది, బంగారు తల్లి” అని వీధి వీధంతా చెబుతుంది. తట్ట ఎటు తిరిగితే గంగాదేవి అటు తిరుగుతుంది. తట్ట ఆగితే ఆగుతుంది. ముందు గుంట ఉంటే పేరమ్మ తట్టను ఒకసారి పైకి ఎగదోస్తుంది.

“ఏమన్నారు?” అంది పేరమ్మ.

“సోమవారం దాకా చూస్తారంట.”

“ఎవరికీ చెప్పకు. చెప్పావంటే దింపేస్తారు, మీ అయ్యని నావలోంచి దింపినట్టు.”

“ఊ.”

“చెప్పలా కదా?”

“చెప్పలేదమ్మా.”

ఇంటి దారి పట్టే ముందే ఆమె సెంటర్లో నెట్ దుకాణం దగ్గర తల్లిని ఆపి లోపలికి వెళ్ళింది. ఆ మూడక్షరాల దాన్ని తయారుచేసినవాళ్ళూ వాడేవాళ్ళూ మెయిళ్ళలో మాట్లాడుకునే గుంపు ఒకటుంది, దాని చిరునామా మాణిక్యాలరావు తెర మీద ఆ పొద్దునే చూసి గుర్తుపెట్టుకుంది. తెరకు ముక్కు తగిలించి, వచ్చిన ఇంగ్లీషులో రాసింది: ఒక కిటికీ ఎప్పుడూ ఒకేచోట ఉండాలంటే ఏం చెయ్యాలి, అక్షరాలు బాగా పెద్దవి కావాలంటే ఏం చెయ్యాలి, దయచేసి చెప్పండి, చాలా అవసరం. పేరమ్మ గుమ్మంలో తట్ట పెట్టుకుని నిలబడితే, వాసనకు దుకాణం వాడు అగరొత్తి వెలిగించాడు.

మర్నాడు పొద్దున మళ్ళీ ఆ దుకాణానికి వెళ్తే జవాబులు వచ్చి ఉన్నాయి. ఒకాయన ఫైలు చదువుకో, అంతా అందులోనే ఉంది అన్నాడు. ఇంకొకాయన, పెద్ద అక్షరాలు కావాలనుకునేవాళ్ళ కోసం వేరేవి బోలెడున్నాయి, ఇది నీలాంటివాళ్ళకు కాదు అన్నాడు. ఆ ‘నీలాంటివాళ్ళు’ అన్న మాట దగ్గర ఆమెకు, సముద్రం అవతల ఉన్నవాడికి కూడా తెలిసిపోయిందా అనిపించింది. మూడో ఆయన పలకరింపు లేదు, సంతకం లేదు, కోడు మాత్రం కొన్ని వరుసలు రాసి వదిలేశాడు. ఆమె దాన్ని తెల్లకాగితం మీద అగ్గిపెట్టెలంత అక్షరాలతో రాసుకుని మాణిక్యాలరావు ముందు పెట్టింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. “ఇదెక్కడిదీ?”

“అడిగానండి. ఆ మెయిళ్ళ గుంపులో.”

“నువ్వా?” ఆయన కాగితం తిప్పి చూశాడు, మళ్ళీ ఆ అక్షరాలకేసి చూశాడు. తర్వాత ఇంకో కుర్చీ లాగాడు. “కూర్చో. అసలు నీకేం కావాలో సరిగ్గా చెప్పు. ఎందుకో వద్దులే, ఏంటో చెప్పు.”

గంగాదేవి కూర్చుంది. ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి, “మా అమ్మ చేపలమ్ముద్దండి” అంది.

“ఊ.”

“గోనెపట్టా వేసి పరుస్తుంది. ఎడమచేతి పక్క పెద్దవి, బొచ్చెలు, శీలావతులు. కుడి పక్క పైన కొర్రమీను. దాని కింద రొయ్యలు. ఏ రోజైనా అంతే. ఒకదాని మీద ఒకటి వెయ్యదు. కింద చేప దాక్కుంటే కుళ్ళిందేమో అనుకుంటారు కొనేవాళ్ళు. బేరమాడుతూ మనిషి మొహం చూస్తానే ఉంటది, చెయ్యి దానంతటదే పోయి చేపని పట్టుకుంటది. నాకట్లా కావాలండి. ఎడమ పక్కంతా టైపు చేసేది. కుడి పక్క పైన పేర్లు. కింద డాక్టరు గొంతు. ఏ రోజైనా అంతే.”

మాణిక్యాలరావు నవ్వాడు, ఈసారి వేరేగా. “ఈ ప్రోగ్రాం రాసినవాడు కూడా ఇంత బాగా చెప్పలేదమ్మా” అని శాలువా తీసి కుర్చీకి తగిలించాడు.

మధ్యాహ్నమంతా ఇద్దరూ ఆ పని మీదే ఉన్నారు. ఆయన ఫైల్లో రాస్తాడు, మళ్ళీ కడతాడు, ఆమె వెళ్ళి తన సీట్లో కూర్చుని చూసి వచ్చి ఇంకా కాస్త పెద్దవి అంటుంది. ఆయన గొణుగుతాడు, రాస్తాడు. ఆల్టు మీటను వదిలేసి, దాని పక్కన ఎవరికీ పనికిరాక పడున్న, కిటికీ బొమ్మ వేసిన మీట మీదికి మార్చారు. అది పట్టుకుని ఎంటరు నొక్కితే పక్కపక్క కిటికీలు ఒకదాని చోటికి ఒకటి మారతాయి. ఇంకొకటి నొక్కితే పేర్లలోకి వెళ్తుంది. ఆమె మౌసును తీసి సొరుగులో పడేసింది. ఆ రాత్రి ఆమెకు కడుపునిండా అన్నం తినాలనిపించింది.

ఆ వారం ఆమె ఫైళ్ళలో తిరుమల మేడానికి ఎర్రగీత పెట్టే చోటు దొరకలేదు. పైగా అందరికంటే ముందు ఆమె పనే అయిపోతోంది. సోమవారం ఫోనులో క్లయింటు ఏమన్నాడో గాని, మేడం నవ్వుతూ బయటికి వచ్చి, ఆమె వెనక నిలబడి, తెరకేసి చాలాసేపు చూసింది.

“ఏం చేశావ్ గంగా? ఇదేంటి ఇట్లా ఉంది?”

“మాణిక్యాలరావు గారు పెట్టారండి.”

“అందరికీ పెట్టిస్తాను. శనివారం నువ్వే అందరికీ నేర్పుతున్నావు.” మేడం ఆమె భుజం తట్టింది. “ఆ అక్షరాలు మాత్రం అంత పెద్దవి వద్దులే, చిన్నపిల్లల వాచకంలా ఉంది. అన్నీ ఒకేలా ఉండాలి.”

గంగాదేవికి, వేడుకుని వేడుకుని కట్టించుకున్న గుడిసెను ఎవరో మెచ్చుకుని, ఊరందరికీ మేడగా కట్టిస్తానని, దాన్ని పడగొట్టడానికి వచ్చినట్టుంది. శనివారం తర్వాత వచ్చే సోమవారానికి ఆమె కంప్యూటరులోకి కూడా ఆ ఒకేలా ఉండేదే వస్తుంది. చిన్న అక్షరాలు వస్తాయి. వద్దంటే ఎందుకంటారు.

శుక్రవారం సాయంత్రం తట్ట అంచు పట్టుకుని నడుస్తూ ఆమె ఆ సంగతి చెప్పింది. పేరమ్మ ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి దగ్గర కూర్చుని చేపలు తోముతూ ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

“మీ అయ్యకి నావలో ఏది ఎక్కడుందో మొత్తం తెలుసు. చీకట్లో కూడా మనిషి ఆగేవోడు కాదు. అందరూ కొండలయ్య కళ్ళు పిల్లి కళ్ళనేవోళ్ళు. ఒకనాడు కొత్తగా వచ్చినోడెవడో లంగరు తాడు తీసి ఇటు పక్క పడేశాడు. మీ అయ్యకి కనపడలా, దాని మీద కాలేసి నీళ్ళల్లో పడ్డాడు.”

“తెలుసమ్మా.”

“ఏం తెలుసు నీకు? తీసి ఒడ్డున పడేశాక ఏమైందని అడిగారు. కాలు జారిందన్నాడు. తాగావా అన్నారు. ఈయన మాట్లాడలా. తాగి వలకాడికొచ్చినోడు మాకొద్దని దింపేశారు. గిలకలదిండి ఊరు మొత్తం తాగుబోతన్నది. నన్ను తాగుబోతు పెళ్ళామన్నది.” చేప కడుపు చీల్చి, పేగులు లాగి పక్కన పడేసింది. “చుక్క ముట్టని మనిషి.”

చెప్పమని గాని, చెప్పవద్దని గాని అనలేదు. గంగాదేవికి నిద్ర పట్టలేదు.

శనివారం ఆమె అందరికంటే ముందు వెళ్ళింది. శిక్షణ గదిలో తలకో కంప్యూటరు పెట్టి ఉంది. ప్రొజెక్టరు ఇంకా వెయ్యలేదు. ముందు గోడ మీద దాని బొమ్మ పడే చోటును కిటికీ వెలుగులో దగ్గరగా చూసుకుంది. ఎడమ అంచు స్విచ్చిబోర్డు కింద. కుడి అంచు క్యాలెండరు మేకు దగ్గర. చెయ్యి ఎంత చాస్తే పేర్ల పట్టీకి తగులుతుందో స్కేలుబద్దతో చూసుకుని, రెండుసార్లు ఉత్తినే పాఠం చెప్పుకుంది. బాగానే వచ్చింది.

భోజనాలయ్యాక అందరూ వచ్చి కూర్చున్నారు. ప్రొజెక్టరు తగిలించిన కంప్యూటరు ముందు మాణిక్యాలరావు శాలువాతో సహా కూర్చున్నాడు. తిరుమల మేడం గోడవార ఉన్న కంప్యూటరు దగ్గర నిలబడింది.

“బొమ్మ సరిగ్గా కనపడట్లేదు. పరదాలేసి లైట్లు తీసెయ్యండి” అంది మేడం.

ఇది గంగాదేవి అనుకోలేదు. స్విచ్చి టక్కుమంది. ఆమెను బావిలోకి దింపినట్టయింది. ఎదురుగా ప్రొజెక్టరు కన్ను ఒక్కటే తెల్లగా ముఖంలోకి కొడుతోంది, మిగతాదంతా నలుపు. అరచేయి వెడల్పు కూడా లేదు. వెనక్కి జరిగి వీపుతో గోడను పట్టుకుంది. స్విచ్చిబోర్డు భుజానికి తగిలింది. సరే, ఎక్కడున్నదీ తెలిసింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

“కిటికీలు మూడే మూడు. ఏదీ దేని మీదా పడదు. ఎడమ పక్కంతా మనం టైపు చేసేది. కుడి పక్క పైన డాక్టర్ల పేర్లు. దాని కింద డాక్టరు గొంతు.” నాలుగడుగులు వేసి, స్కేలుబద్ద ఎత్తి, సరిగ్గా అనుకున్నచోట ఆనించింది. “ఇదిగో, ఈ పేర్లు చూడండి. అక్షరాల వరసలో ఉంటాయి. మొదటి అక్షరం కొడితే చాలు.”

ఎక్కడో చిన్న నవ్వు మొదలై ఆగిపోయింది.

“అక్కా, అక్కడ…” అంది సింధూరి. మిగతా మాటను ఎవరో గిల్లి ఆపినట్టు ఆగింది.

జరిగింది చాలా చిన్న సంగతి. అందరికీ పాత అలవాటు అదేనని, పేర్లను ఎడమ పక్కకు, టైపు చేసేదాన్ని కుడి పక్కకు మార్చమని మేడం నిన్న పొద్దుపోయాక చెప్పింది. మాణిక్యాలరావు మార్చాడు. పాఠం చెప్పేవాళ్ళకు గోడ మీద కనపడుతూనే ఉంటుంది కదా, వేరే చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. గంగాదేవి పేర్లని చూపిస్తున్నచోట పేర్లు లేవు. ఖాళీ కాగితం ఉంది.

ఏం జరిగిందో ఆమెకు తెలియలేదు గాని, ఏదో జరిగిందని ఆ నిశ్శబ్దంలోనే తెలిసిపోయింది. కాలి కింద తాడు ఎవరో జరిపారు. తల తిరిగిందనొచ్చు, పొద్దున ఏమీ తినలేదనొచ్చు. తడుముకోకుండా వచ్చే అబద్ధాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

అప్పుడు రెండు మీటల చప్పుడైంది. ఒకటి మెత్తగా, దాని వెనకే ఎంటరు గట్టిగా. ఆ చప్పుడు ఆమెకు తన గాజుల చప్పుడంత తెలుసు. గదిలో “ఓ” అని సన్నగా వినిపించింది. గోడ మీద కిటికీలు అటువి ఇటు, ఇటువి అటు మారి, ఆమె బద్ద ఆనించినచోటికి పేర్లు వచ్చి నిలబడ్డాయి.

“కానివ్వమ్మా” అన్నాడు మాణిక్యాలరావు, ఎప్పటి విసుగుతోనే.

ఆయనకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో, ఆ కాగితం మీద పెద్ద అక్షరాలు చూసిన రోజు నుంచేనేమో, తెలిసే ‘ఎందుకో వద్దులే’ అన్నాడు. ఆమె అడగకుండా ఆ ఆఫీసులో ఎవరైనా చేసిన మొదటి సాయం అది. ఇప్పుడిక పాఠం చెప్పుకుపోవచ్చు. గోడ ఆమె మాట వింటోంది. కానీ సోమవారం ఆయన వచ్చి తన పక్కన కూర్చోడు. చుక్క ముట్టని మనిషి, అంది అమ్మ.

“మేడం,” అంది. “మాణిక్యాలరావు గారు ఇప్పుడే వీటిని అటూ ఇటూ మార్చారండి. ఇందాక నేను చూపించినచోట పేర్లు లేవు. లేవని నాకు తెలీలేదు. నాకు కనపడదండి.”

ఆమె స్కేలుబద్ద కిందికి దించింది.

“వెలుతురున్నప్పుడు నడిమధ్య కొంచెం కనపడుద్ది. ఇప్పుడైతే ఏం లేదు. మీ మొహాలు లేవు, గోడ లేదు. ఫైళ్ళు తప్పు పేర్ల మీద పోయింది అందుకేనండి. పెద్ద అక్షరాలు అడిగింది అందుకే. ఒకటి తీసినా నేను పని చెయ్యలేను. చెప్తే దింపేస్తారని చెప్పలేదు.”

“లైటెయ్యండి ఎవరన్నా” అంది తిరుమల మేడం. గొంతులో కోపం ఉందో ఇంకేముందో తెలియలేదు.

“వద్దండి మేడం. పాఠం అవలేదు.” తన గొంతు అంత స్థిమితంగా ఎలా వస్తోందో ఆమెకే అర్థం కాలేదు. “నేనిది చూసి నేర్చుకోలేదు. చూపించడం నాకు రాదు. అందరూ కళ్ళు మూసుకోండి.”

కుర్చీలు కదిలాయి. ఎవరో ఇబ్బందిగా దగ్గారు. మూసుకున్నారో లేదో ఆమెకు తెలిసే దారి లేదు.

“మీ తెరల మీద పేర్లు ఎడమ పక్కనున్నాయి. వాటిని కుడి పక్కకి తీసుకురండి. ఎడంచేతి బొటనవేలుతో బొమ్మ మీట పట్టుకోండి. కుడిచేత్తో ఎంటరు. తొంగి చూడొద్దు.”

కొంతసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత దగ్గర్లో ఒకటి పలికింది, మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి. సింధూరి. ఆ పిల్ల గోళ్ళ చప్పుడు కలిసింది. దాని వెనక ఇంకొకటి, వెనక వరసలో రెండు, ఆ తర్వాత గది నిండా వాన మొదలైనట్టు. గంగాదేవి తల ఒకవైపు వంచి, డాక్టర్ల మాటలు విన్నట్టే విన్నది. సరిగ్గా నొక్కినవి, తప్పు నొక్కినవి, తప్పు నొక్కి మళ్ళీ నొక్కినవి, అన్నీ విడివిడిగా వినిపించాయి. కాసేపటికి చప్పుడంతా సద్దుమణిగింది.

అయిపోయిందనుకున్నాక, అన్నిటికంటే ఆలస్యంగా, గోడవార నుంచి ఒక్క మీట పలికింది. గట్టిగా పలకాల్సిన ఎంటరు కాదది. సన్నగా, తడబడుతూ పలికింది.

“అది కాదండి మేడం” అంది గంగాదేవి. “ఇంకొంచెం కుడికి. మళ్ళీ నొక్కండి.”